గుండె కాయలు కాస్తే



ఒక తల్లి నాకు ఉత్తరం వ్రాశారు. ఊరూ పేరూ వద్దన్నారు గనుక చెప్పను. ఆమె కుమార్తె నర్సింగు మూడో సంవత్సరం చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లోనే తాతగారు కాలం చేశారు. ఇల్లంతా గొల్లుమంటుంటే ఈ పిల్ల మాత్రం ముందుకు వచ్చి, నాడి చూసి, కళ్లు మూసి, నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి గుడ్డ కట్టి, కాళ్లూ చేతులూ సరిచేసి, బొటనవేళ్లు కలిపి కట్టి, "నీళ్లు కాచండి, బిగుసుకోకముందే ఒళ్లు తుడవాలి" అన్నదట. ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదట. "చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చినా అన్నం మానేసిన పిల్ల. ఆ చదువు దీన్ని రాయిని చేసింది" అని మేనత్తలు చెవులు కొరుక్కున్నారట. "మీరు ముప్పై రెండేళ్లు అదే పనిలో ఉన్నారు గదా, మా పిల్ల పాడైపోయిందా? ఉన్నదున్నట్టు చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

ఆమెకు విడిగా జవాబు వ్రాశాను. కానీ ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. మన విచారణల్లో ఏ గ్రామానికి వెళ్లినా నర్సు చదివిన ఆడపిల్ల ఒకరైనా కనబడుతుంది. ఆ పిల్లలు మనకు జీతం పంపుతారు, మన రోగాలకు సలహా చెబుతారు, మనల్ని ఆసుపత్రిలో చేర్పిస్తారు. ఆ పని వాళ్లను లోపల ఏం చేస్తుందో మాత్రం మనం అడగం. ఆ తల్లి అడిగారు. అందుకే ఈ వారం ఇదే వ్రాస్తున్నాను.

ముందుగా మారేది మనసు కాదు, ముక్కు. నవ్వకండి. మొదటిసారి బెడ్‌పాన్ ఎత్తిన రోజు ఏ పిల్లా సరిగా అన్నం తినదు. కుళ్లిన పుండు కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన ఏ పుస్తకంలోనూ ఉండదు. నెల తిరిగేసరికి అదే పిల్ల కట్టు కట్టి, చేతులు కడుక్కొని, మెస్సులో కూర్చొని, "ఇవాళ పప్పులో ఉప్పు తక్కువైంది" అంటుంది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. నాకు మాత్రం మన దేశంలో ఇంతకంటే పెద్ద మార్పు మనిషిలో రాదనిపిస్తుంది. ఎందుకంటారా? మన సమాజం మనుషులను మెట్లు మెట్లుగా పేర్చింది ఈ అసహ్యం మీదనే. ఎవరు ఎవరి మలమూత్రాలు ముట్టుకోవాలి, ఎవరి ఎంగిలి ఎవరికి మైల, పురుడు పోసిన చేతికి ఎన్నాళ్లు అంటు, ఇవే లెక్కలు. తరతరాలుగా మన నరాల్లోకి ఎక్కిన ఆ లెక్కను పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక నెలలో దించుకుంటుంది. ఉపన్యాసాలు విని దించుకోదు, దుప్పట్లు మార్చి దించుకుంటుంది.

ఆ అసహ్యం వల్లనే ఒకప్పుడు ఈ పనికి ఎవరూ పిల్లలను పంపేవారు కాదు. 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక లెక్క ప్రకారం అప్పటి బ్రిటిష్ ఇండియాలో సుమారు 43 వేల మందికి ఒక్క నర్సు. ఉన్న ఆ కొద్దిమందిలోనూ క్రైస్తవ స్త్రీలే ఎక్కువ. అందుకు మనం గర్వపడటం సులువే. కానీ నిజం పూర్తిగా చెప్పుకోవాలి. వాళ్లలో చాలామంది పేద ఇళ్ల పిల్లలు, లోకం ముట్టుకోనన్న కులాల పిల్లలు, దిక్కులేని వితంతువులు. ఇతరులు చేయమన్న పని వారి చేతికి వచ్చింది. పోనీ, తిరుసభకైనా మొదటి నుంచీ సంకోచం లేదా అంటే, ఉంది. మఠకన్యలు వైద్యవృత్తి చేయకూడదన్న నియమం చాలాకాలం ఉండేది. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ మఠంలో చేరి కూడా వైద్యం చేయడానికి రోము నుంచి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. ఆమె గుంటూరులో స్త్రీలకూ పసిపిల్లలకూ వైద్యం చేస్తూ, స్థానిక స్త్రీలకు ఆ పనిలో తర్ఫీదు ఇచ్చారు. మఠకన్యలు పురుళ్లు పోయడానికి రోము దారి తెరిచింది 1936లో. ఆ సంగతి మరచిపోయి, సేవ అంతా మన సొత్తే అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు.

సరే, వచ్చిన మార్పులో మంచి చెప్పాను. పోయేది కూడా ఉంది.

నర్సు ఇంట్లో పిల్లలను అడగండి. "మాకు నూట రెండు జ్వరం వచ్చినా మా అమ్మ కంగారు పడదు. పారాసెటమాల్ వేసుకొని పడుకో అంటుంది. పక్కింటి వాళ్లమ్మ అయితే పక్కనే కూర్చొని ఏడుస్తుంది" అంటారు. అది ఫిర్యాదే. నర్సుకు చిన్న బాధ మీద ఓపిక తగ్గుతుంది. పగలంతా కాలిన ఒళ్లు చూసి వచ్చిన మనిషికి సాయంత్రం ఆడపడుచు తలనొప్పి తలనొప్పిలాగే కనబడుతుంది. పెళ్లిళ్లలో, పండుగల్లో ఆమె అందరితో పాటు నవ్వుతుంది గాని సగం మనసు వార్డులో ఉంటుంది. నైట్ డ్యూటీలు చేసిన వారికి నిద్ర చెదురుతుంది, మాట తక్కువవుతుంది. పూజలో సువిశేష ప్రసంగం మధ్య కునికిపాట్లు పడుతుంటే వెనుక బల్లల్లోని పెద్దమ్మలు గుడ్లురుముతారు. ఆ పిల్ల రాత్రంతా నిలబడి ఉన్నదని వారికి తెలియదు.

ఇక కన్నీళ్ల సంగతి. ఏడవని నర్సు రాయి అయిపోయిందా?

పొలం పని చేసే మనిషి అరచేతులు చూడండి. కాయలు కాచి ఉంటాయి. ఆ కాయ లేకపోతే మొదటి రోజే చేతులు బొబ్బలెక్కి, రెండో రోజు పార పట్టలేడు. అయితే ఆ కాయలు కాచిన చేత్తోనే అతడు మట్టిలో తడి ఎంత ఉందో చెబుతాడు, బిడ్డ నుదుటి మీద జ్వరం ఎంత ఉందో చెబుతాడు. కాయ కాచిన చేయి మొద్దుబారిన చేయి కాదు. రాయికి ఏదీ తెలియదు. పైకి రెండూ గట్టిగానే ఉంటాయి కాబట్టి మేనత్తలకు తేడా తెలియకపోవచ్చు. ఆ పిల్లకు చేతులు వణకలేదు కాబట్టే తాతగారికి చివరి మర్యాద సరిగా జరిగింది. ఏడ్చేవారు ఆ ఇంట్లో ఇరవై మంది ఉన్నారు. గడ్డం కట్టగలిగినది ఒక్కతే.

కానీ వార్డుల్లో రాళ్లు కూడా ఉంటాయి. లేవని నేను చెప్పను, చెప్పినా మీరు నమ్మరు. నొప్పితో మూలుగుతున్న ముసలమ్మను "ఊరుకో, నీ ఒక్కదానికేనా నొప్పి" అని కసిరిన నర్సును మీరూ చూసి ఉంటారు. పురిటి గదిలో పచ్చి మాటలు అనే వారి గురించి ఆడవాళ్లు చెప్పుకోవడం నేనూ విన్నాను. మరి కాయ ఎక్కడ ఆగి, రాయి ఎక్కడ మొదలవుతుంది?

ఇసబెల్ మెంజీస్ అనే మనస్తత్వ నిపుణురాలు లండన్ ఆసుపత్రి ఒకదానిలో నర్సుల మధ్య తిరిగి, తాను చూసినది 1960 ప్రాంతంలో ప్రచురించారు. అక్కడ రోగిని పేరుతో పిలవరు, మంచం నెంబరుతో, జబ్బుతో పిలుస్తారు. ఒక నర్సు ఒక రోగి దగ్గర ఎక్కువసేపు ఉండకుండా పనిని ముక్కలు ముక్కలుగా పంచుతారు. ఒకరు అందరికీ జ్వరం చూస్తారు, మరొకరు అందరికీ పక్కలు సర్దుతారు. ఎవరి మీదా మమకారం పెరగకూడదు, పోయినప్పుడు బాధ ఉండకూడదు, ఇదీ దాని లోపలి ఉద్దేశం. ఫలితం ఏమిటంటే భయం తగ్గలేదు. పనిలో ఉండే తృప్తి మాత్రం పోయింది. మంచి విద్యార్థినులు చాలామంది మధ్యలోనే మానేశారు. ఇది చదివినప్పుడు నాకు మన వార్డులే గుర్తుకు వచ్చాయి. "ఏడో బెడ్డు హెర్నియాకి సెలైన్ అయిపోయింది, పన్నెండో బెడ్డు షుగర్ కాలు డ్రెస్సింగుకి పంపు" అని మేమూ అన్నవాళ్లమే. హడావుడిలో అది అవసరం కూడా. అయితే ఆ మాట నోటి నుంచి మనసుకు దిగకూడదు. ఆ హెర్నియాకు ఒక పేరున్నదనీ, బయట వరండాలో టిఫిను క్యారియరు పట్టుకొని ఒక భార్య కూర్చున్నదనీ తెలిసి ఉంటే చాలు.

దీనికి నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు, స్పృహ లేని రోగి దగ్గర, ఎవరూ చూడనప్పుడు ఆమె ఏం చేస్తుంది? కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం కమిలి పడకపుండు పడుతుంది. తిప్పారా లేదా అని ఆ రాత్రి ఎవరూ అడగరు. రోగి చెప్పడు. పుండు పడినా ఏ డ్యూటీలో పడిందో తేలదు. అలాంటి చోట తిప్పే చేయి కాయ కాచిన చేయి.

ఈ మాట వ్రాస్తుంటే అరుణా శాన్‌బాగ్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? కర్ణాటక నుంచి బొంబాయి వెళ్లి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా చేరిన అమ్మాయి. 1973 నవంబరు 27న అదే ఆసుపత్రి ఉద్యోగి ఒకడు ఆమె మెడకు గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె చూపు పోయింది, మాట పోయింది, మనుషులను పోల్చుకునే శక్తి పోయింది. అప్పుడు ఆమెకు 25 ఏళ్లు. 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేవరకు, అంటే 41 ఏళ్లకు పైగా, ఆమె ఆ ఆసుపత్రిలోనే మంచం మీద ఉన్నారు. బంధువుల రాకపోకలు కాలక్రమాన తగ్గిపోయాయి. ఆమెను చూసుకున్నది అక్కడి నర్సులు.

లెక్క వేసి చూడండి. 1973లో ఆమెతో పనిచేసిన నర్సులు 2015 నాటికి రిటైరైపోయారు. చివరి రోజుల్లో ఆమెకు అన్నం తినిపించిన వారిలో కొందరు ఆమె మంచాన పడేనాటికి పుట్టి కూడా ఉండరు. వారు ఆమె మాట్లాడగా వినలేదు, నవ్వగా చూడలేదు. ఆమె వారికి చుట్టం కాదు, స్నేహితురాలు కాదు. అది ధర్మాసుపత్రి కూడా కాదు, రద్దీతో కిటకిటలాడే మునిసిపాలిటీ ఆసుపత్రి. 1980లలో మంచం ఖాళీ చేయించడానికి ఆమెను మరోచోటికి పంపాలని కార్పొరేషను ప్రయత్నిస్తే నర్సులు అడ్డం తిరిగారు. పంపే ఆలోచన ఆగిపోయింది. తరువాత ఒక రచయిత్రి, అరుణ మీద నిజమైన జాలితోనే, ఇక ఆమెకు ఆహారం ఆపి ప్రశాంతంగా పోనివ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 మార్చి 7న కోర్టు ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. ఆమె తరఫున మాట్లాడే అర్హత అన్నేళ్లు ఆమెను సాకిన ఆసుపత్రి సిబ్బందిదేనని చెప్పింది. అన్నేళ్లలో ఒక్క పడకపుండు కూడా పడకుండా చూశారని తీర్పులో మెచ్చుకుంది. అదే తీర్పు, కొన్ని షరతుల మీద, కోలుకోలేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి మన దేశంలో మొదటిసారి దారి తెరిచింది. ఆ సంగతి మీద చెప్పుకోవలసినది చాలా ఉంది, అది మరో వారానికి.

నన్ను ఆపేది ఆ పడకపుండు మాట. ఒక్క పుండు పడలేదంటే అన్నేళ్ల పాటు, పగలూ రాత్రీ, ఎవరో ఒకరు వచ్చి ఆమెను తిప్పారన్న మాట. అందులో విసుగుతో తిప్పినవారు ఉంటారు. నిద్రమత్తులో తిప్పినవారు, ఇంట్లో భర్తతో పోట్లాడి వచ్చి తిప్పినవారు, జీతం పెరగలేదని తిట్టుకుంటూ తిప్పినవారు ఉంటారు. అందరికీ ప్రతిసారీ ప్రేమ పొంగి ఉంటుందని నేననుకోను. కానీ ఆమెను చంపవద్దని వారంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చింది? మనం సాధారణంగా ముందు ప్రేమ పుడుతుంది, తరువాత సేవ చేస్తాం అనుకుంటాం. ఇక్కడ వరుస తిరగబడింది. ముందు పని. చేసి చేసి, కడిగి కడిగి, తినిపించి తినిపించి, చివరకు ఆమె వారి మనిషి అయిపోయింది.

పునీత తోమాసు అక్వీనాసు ప్రేమ అంటే ఎదుటివారి మేలు కోరడమని చెప్పినట్టు మన గురువిద్యార్థులు చదువుకుంటారు. కోరడం అన్నారు గాని కరిగిపోవడం అనలేదు. ఆయన కంటే ఎంతో ముందు అరిస్టాటిల్ కూడా మంచి గుణాలు ఆలోచించడం వల్ల కాక, చేయడం వల్ల అలవడతాయని వాదించాడు. ఈ ఇద్దరి సంగతీ నేను వార్డులో నేర్చుకోలేదు, రిటైరయ్యాక చదివాను. కానీ చదువుతుంటే మా మేట్రనమ్మ గొంతు వినబడింది. "నీకు దయ ఉందా లేదా అని నేనడిగానా? నాలుగో బెడ్డుకి నోరు కడిగావా లేదా?" అనేవారు ఆవిడ.

అందుకే నర్సులను దేవతలనడం నాకు ఇష్టముండదు. దీపం పట్టుకొన్న ఫ్లారెన్స్ నైటింగేల్ పటం ప్రతి నర్సింగు స్కూల్లోనూ ఉంటుంది. దీపాలు వెలిగించి ప్రతిజ్ఞ చేయించే రోజున పిల్లలందరికీ ఆ పటమే చూపిస్తారు. క్రిమియా యుద్ధకాలంలో, 1854లో, ఆమె స్కుటారీ ఆసుపత్రికి వెళ్లిన మాట, రాత్రులు వార్డుల్లో తిరిగిన మాట నిజమే. అయితే ఆమె జీవితంలో ఎక్కువ భాగం గడిచింది దీపంతో కాదు, లెక్కల పుస్తకాలతో. గాయాల కంటే మురుగు వల్ల, అంటురోగాల వల్ల సైనికులు ఎక్కువ చచ్చిపోతున్నారని పటాలు గీసి చూపించిన మనిషి ఆమె. మన దేశంలో అడుగుపెట్టకుండానే ఇక్కడి సైనిక శిబిరాల పారిశుధ్యం మీద, కరువుల మీద, సాగునీటి మీద ఏళ్ల తరబడి వ్రాశారు. మంత్రులను పీడించి పనులు చేయించారు. మొండి మనిషి, మాట కటువు. ఆ పటంలో ఇదేదీ కనబడదు. చీకటి, దీపం, తెల్లటి ముసుగు, అంతే. దేవతకు ఆకలి వేయదు, అద్దె కట్టనక్కరలేదు. నర్సును దేవతను చేసినందువల్ల మనకున్న లాభం అదీ.

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. ముప్పై రెండేళ్లలో నేను చూసినంతవరకు చావును చూసి రాయి అయిన నర్సు దాదాపు లేదు. చావు మనిషిని లోతు చేస్తుంది. పోయిన మనిషి పక్కన నిలబడి, కిటికీ తెరిచి, దుప్పటి సర్దిన వారికి ఆ తరువాత డబ్బు మీద, పేరు మీద, తగాదాల మీద ఆశ కొంత చప్పబడుతుంది. రాయిని చేసేది మరొకటి.

నలభై మంది రోగులున్న వార్డులో రాత్రి ఒక్క నర్సు. ఒకరికి ఆయాసం ఎక్కువైంది. అదే సమయానికి మరొకరికి రక్తం ఎక్కుతోంది, మొదటి పావుగంట దగ్గరుండి చూడాలి. మూలమంచం తాతకు పక్క తడిసి గంటయింది. కేసు షీట్లు వ్రాయాలి. ఉదయం డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేసరికి అన్నీ నిండి ఉండాలి. ఏది సరైనదో ఆమెకు తెలుసు. చేయడానికి చేతులు లేవు. తాత తడిలోనే ఉంటాడు. రెండో రాత్రీ ఉంటాడు. ఇలా ఒక ఏడాది గడిచాక, ఆ తడి పక్క వైపు చూడకుండా నడవడం ఆమె నేర్చుకుంటుంది. చూస్తే బ్రతకలేదు గనుక. ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికా తత్వవేత్త 1984లో నర్సుల ధర్మసంకటాలపై వ్రాసిన పుస్తకంలో ఈ బాధకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. ఏది చేయాలో తెలిసి, చేయనివ్వని ఏర్పాట్ల మధ్య పనిచేసేవారి మనస్సాక్షి పడే నొప్పి అది. అందులో సందేహం లేదు, ధర్మసూక్ష్మం లేదు. దారి స్పష్టంగా కనబడుతుంది, కాళ్లకు మాత్రం సంకెళ్లుంటాయి.

ఆ నొప్పికి రెండే మందులు ఆమె చేతిలో ఉంటాయి. ఒకటి ఉద్యోగం మానడం. రెండు చూడటం మానడం. రెండో మందు తీసుకున్న మనిషినే మీరు "రాతి గుండె నర్సు" అంటారు. మూలుగుతున్న ముసలమ్మను కసిరింది ఆవిడే. కసరడం తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. అయితే ఆ తప్పులో వాటాదారులెవరో చూడాలి. నలభై మందికి ఒక్కరిని నిలబెట్టిన యాజమాన్యానికి వాటా లేదా? ఖాళీలు నింపకుండా కాంట్రాక్టు మీద నడిపే ప్రభుత్వాలకు లేదా?

మన ఆసుపత్రులకు లేదా? ఈ పత్రికలో ఈ మాట వ్రాయడం కొందరికి కష్టం కలిగించవచ్చు. "సేవ" అన్న పవిత్రమైన మాటను జీతం అడిగిన నోటికి తాళం వేయడానికి వాడటం నేను చూశాను. సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టుకొని పిల్లలను కట్టిపడేయడం చూశాను. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల దుస్థితి మీద కేసు నడిచి, 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే, కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. 2017లో కేరళ నర్సులు వీధికెక్కి పోరాడింది ఆ మాట అమలు చేయమనే. వారు సమ్మె చేసినప్పుడు "నర్సులు సమ్మె చేయడమేమిటి, మానవత్వం లేదా" అన్నారు చాలామంది. అరుణను కాపాడిన ఆ కె.ఇ.ఎం. నర్సులు కూడా 1973లో ఆమె కోసం, తమ భద్రత కోసం సమ్మె చేసినవారేనని గుర్తుంచుకోవాలి. అడ్డం తిరగడం చేతకాని దయ ఎన్నాళ్లు దయగా ఉండగలదో నాకు అనుమానమే.

2020 మార్చి 22 సాయంత్రం మనమంతా వాకిళ్లలో నిలబడి పళ్లాలు మోగించాం, చప్పట్లు కొట్టాం. అదే రోజుల్లో కొన్ని పట్టణాల్లో అద్దె ఇళ్ల యజమానులు నర్సులను "కరోనా తెస్తావు, ఖాళీ చెయ్యి" అన్నారు. వైద్య సిబ్బందిపై దాడులు ఆపడానికి ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చప్పట్లూ నిజమే, వెళ్లగొట్టడమూ నిజమే. పాత అసహ్యం ఎక్కడికీ పోలేదు, మాస్కు వేసుకుంది, అంతే. ఆ నెలల్లో రోగి దగ్గరికి భార్య రాలేదు, బిడ్డ రాలేదు, చాలా చోట్ల అభ్యంగనం ఇవ్వడానికి గురువులు కూడా రాలేకపోయారు. ప్లాస్టిక్కు దుస్తుల్లో చెమటతో తడిసిన ఒక పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టి, "మాట్లాడండి, వింటున్నారు" అన్నది. వింటున్నారో లేదో ఆ పిల్లకు తెలియదు. అంతకు రెండేళ్ల ముందు, 2018 మే 21న, కోజికోడ్‌లో లినీ అనే యువ నర్సు తాను సేవ చేసిన రోగి నుంచి నిపా సోకి చనిపోయారు. ఇద్దరు చిన్న బిడ్డల తల్లి.

దూరదేశాల్లో ఉన్న మన పిల్లల సంగతి కూడా ఒక్కమాట. కువైట్‌లోనో, సౌదీలోనో, ఇంగ్లండులోనో ఒక తెలుగు నర్సు పరాయి ముసలితల్లికి స్నానం చేయించి, తల దువ్వి, పక్క సర్దుతుంది. ఆ గంటలోనే ఇక్కడ పల్లెలో ఆమె సొంత తల్లికి కూలికి పెట్టిన ఆయా స్నానం చేయిస్తుంది. ఆ జీతంతోనే ఈ జీతం. ఎవరిదీ తప్పు కాదు. కానీ ఆ పిల్ల ఫోనులో ఆయాతో, "అమ్మ మడమల కింద మెత్త పెట్టావా? ఎడమ పక్కకు తిప్పావా?" అని అడుగుతుంటే విన్నాను. ఆ గొంతులో రాయి లేదు.

ఉత్తరం వ్రాసిన తల్లి మరొకటి కూడా అడిగారు. ఈ మార్పు ఎప్పటికైనా పోతుందా, పెళ్లయి ఉద్యోగం మానితే పాత పిల్ల తిరిగి వస్తుందా అని. రాదని వ్రాశాను. స్పృహ లేని రోగితో కూడా "అమ్మా, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నాను, భయపడకండి" అని చెప్పి తిప్పమని మాకు మొదటి ఏడాదే నేర్పారు. ఇప్పటికీ నేను ఇంట్లో నిద్రపోతున్న మనవడికి దుప్పటి కప్పబోతూ ముందు వాడికి చెబుతాను. కోడలు నవ్వుతుంది. రిటైరై ఆరేళ్లయినా, బస్సులో పక్కనున్న వారి మొహం చూసేకంటే ముందు చేయి చూస్తాను. మోచేతి మడత దగ్గర నరం ఉబ్బి కనబడితే, "ఇది ఒక్క గుచ్చుకే దొరుకుతుంది" అనుకుంటాను. సన్నగా, పైకి కనబడకుండా ఉంటే, పాపం ఈమెకు సెలైన్ పెట్టాల్సి వస్తే వేడినీళ్ల గుడ్డ వేసి కాసేపు ఆగాలి, అనుకుంటాను.